అంబేడ్కర్ - మహద్ చెరువు

భారత రాజ్యాంగములోని 15వ అధికరణమును చదువు విద్యార్థికి ఒక సందేహము కలుగవచ్చును. సమానత్వమను మహోన్నత విషయమును చెప్పుచు శాసనకర్తలు బావులు, చెరువులు, స్నానఘట్టములు, దుకాణములు, హోటళ్లు అని పేరుపేరున ఏల పేర్కొన్నారు? దీనికి సమాధానము డాక్టర్ భీమ్‌రావ్ రాంజీ అంబేడ్కర్ జీవితములో లభించును.

1891 ఏప్రిల్ 14న మౌ పట్టణములో ఒక సైనికోద్యోగి ఇంట, మహార్ కులములో జన్మించిన ఆ బాలునికి బడిలో నీటికుండను తాకు హక్కు లేదు. నౌకరు పైనుండి పోసిన నాడే దప్పిక తీరెడిది. కొలంబియా, లండన్ విశ్వవిద్యాలయములలో అత్యున్నత పట్టములు పొంది ఆయన బారిస్టరైన గాథ మన పాఠకులకు తెలిసినదే గనుక ఇక్కడ విస్తరింపము.

ప్రభుత్వ ధనముతో నడచు చెరువులు, బావులు అందరికిని తెరువవలెనని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించినది. మహద్ పురపాలక సంఘము 1924లో దానిని ఆమోదించినది. కాని కాగితము మీది హక్కు దప్పిక తీర్చలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో ఊరేగింపుగా చౌదార్ చెరువునకు వెళ్లి, దోసిలితో నీరు త్రాగినారు. వారు గుడిలో ప్రవేశింపనున్నారను వదంతి పుట్టి, సవర్ణులు కర్రలతో దాడి చేసినారు. గాయపడినవారిలో కొందరికి ముస్లిముల ఇండ్లు ఆశ్రయమైనవి. తన అనుచరులు ప్రతీకారమునకు పూనుకొనకుండ అంబేడ్కర్ ఆపినారు. తరువాత 108 కుండల పంచగవ్యముతో చెరువును శుద్ధి చేసినారట! పురపాలక సంఘము తన తీర్మానమును రద్దు చేసినది.

డిసెంబరులో జరిగిన రెండవ సభకు స్థలము దొరకనప్పుడు ఫత్తేఖాన్ అను ముస్లిం గృహస్థుడు తన భూమినిచ్చినాడు. ఈ మాట మన కళాశాలలో అందరును ఎరిగియుండవలెనని మా కోరిక. ఆ సభలో మనుస్మృతిని దహనము చేసినారు. అయితే న్యాయస్థానము నిషేధాజ్ఞ జారీ చేసినందున చెరువు కడకు మాత్రము వెళ్లలేదు.

వ్యాజ్యము పదేండ్లు సాగినది. చెరువు తమ సొంతమనియు, అస్పృశ్యులను దూరముంచుట అనాది ఆచారమనియు సవర్ణుల వాదము. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది. ఆచారము అనాదియని రుజువు కాలేదన్నదే తీర్పునకు ఆధారము. అంటే రుజువై యుండినచో? గెలుపులోనే ఈ లోటు దాగియున్నది.

1947లో అంబేడ్కర్ రాజ్యాంగ సభకై సిద్ధపరచిన వినతిపత్రములో బావులు, చెరువులు, దారులు నిరాకరించుటను నేరముగ చేయవలెనని కోరినారు. అందుకు అమెరికాలో నల్లజాతివారి రక్షణకై చేసిన 1866, 1875 నాటి పౌరహక్కుల చట్టములను చూపినారు. ఆ ఆగస్టులో ముసాయిదా సంఘమునకు అధ్యక్షులైనారు. సయ్యద్ ముహమ్మద్ సాదుల్లా అందులో సభ్యులు. అస్పృశ్యతను రద్దు చేయు అధికరణమును సభ 1948 నవంబరు 29న ఆమోదించినది. అదే నేటి 17వ అధికరణము. ఇది ప్రభుత్వమునే గాక ప్రతి వ్యక్తిని కట్టివేయును. ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన శాసనము చెల్లదను 13వ అధికరణము, శాసనమను పదములో ఆచారమును కూడ చేర్చినది. ఆ ఒక్క పదములో మహద్ వ్యాజ్యపు నీడ కనిపించునని మా అభిప్రాయము.

1953లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరేటు నిచ్చినది. 17వ అధికరణమును అమలుపరచు అస్పృశ్యతా నేరముల చట్టము 1955లో వచ్చినది. 1956 డిసెంబరు 6న ఆయన మరణించినారు. ఆ చట్టమునకు 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చినారు.