పాతికేళ్ల అక్షరసేవకు జేజేలు

2000 అక్టోబరులో చార్లెస్‌ ఫ్రాంక్స్‌ అమెరికాలో నాటిన మొక్క ‘డిస్ట్రిబ్యూటెడ్‌ ప్రూఫ్‌రీడర్స్‌’ పాతికేళ్లు నిండి రజతోత్సవ కాంతులీనుతున్న శుభవేళ, పుస్తకాన్ని ప్రేమించే తెలుగువారందరి పక్షాన ఆ సంస్థలోని స్వచ్ఛంద సేవకులకు హృదయపూర్వక అభినందనలు!

పాత పుస్తకాలను ఉచిత ఈ-పుస్తకాలుగా అందించేందుకు 1971లో మైకేల్‌ హార్ట్‌ ఇల్లినాయ్‌లో శ్రీకారం చుట్టిన ప్రాజెక్ట్‌ గూటెన్‌బర్గ్‌కు అండగా పుట్టిన సంస్థ ఇది. పుస్తకమంతా ఒక్కరే దిద్దడం తలకు మించిన పని కనుక పేజీలుగా పంచారు. రోజుకొక పేజీ దిద్దినా చాలన్నారు. 2002 నవంబరులో స్లాష్‌డాట్‌ అనే వెబ్‌సైట్‌ ద్వారా ఈ కబురు తెలియగానే వేలమంది తరలివచ్చారు. 2006లో సొంత ఫౌండేషన్‌ వెలిసింది. 2007లో 10,000, 2011లో 20,000, 2015లో 30,000 పుస్తకాల మైలురాళ్లు దాటి, జైత్రయాత్ర నేటికీ సాగుతూనే ఉంది.

ఆ పని ఎంత సూక్ష్మమో చూడండి. ఇంగ్లిషులో ‘ఆర్‌’, ‘ఎన్‌’ అక్షరాలు ఆనుకుని పడితే, స్కాన్‌ చేసిన పేజీని చదివే యంత్రం వాటిని ‘ఎమ్‌’ అని చదువుతుంది. అలా పందొమ్మిదో శతాబ్దపు గ్రంథంలో ‘మోడర్న్‌’ ఉన్నచోట ‘మోడెమ్‌’ ప్రత్యక్షమవుతుంది! రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి యంత్రం పట్టుకోలేదు, మనిషి కన్నే పట్టుకోవాలి. అందుకే సాధారణంగా ప్రతి పేజీ మూడు విడతల ప్రూఫులు, ఆపై రెండు విడతల ఫార్మాటింగ్‌ దాటాకే గట్టెక్కుతుంది.

ఇక ఆ సేవకుల మధ్య చర్చలంటారా, పంక్తి చివర విరిగిన మాటలో అడ్డుగీత ఉంచాలా, తీసేయాలా అన్నదానికే రచయిత మిగతా పేజీల్లో ఎలా రాశాడో వెతికి మరీ తేలుస్తారు. తేలకపోతే నక్షత్రపు గుర్తు పెట్టి తరువాతివారికి అప్పగిస్తారు. వ్యాకరణం తమకెంత తెలిసినా రచయిత వాక్యాన్ని సవరించరు. అనుమానం ఉంటే పక్కన ఒక గమనిక రాస్తారంతే. విద్వత్తుకు ఇంతటి నిగ్రహం తోడవడం అరుదు. నా దృష్టిలో వారి అసలైన ఘనత ఇదే. కడప బంగళాలో పండితులను సమావేశపరచి, ప్రతులు సరిపోల్చి మన కావ్యపాఠాలు తేల్చిన సి.పి. బ్రౌన్‌ చూసి ఉంటే ఎంత మురిసిపోయేవారో!

జీతం లేదు, బిరుదు లేదు. అయినా పాతికేళ్లుగా పేజీ ఆగలేదు. ఈ సంస్థ స్వర్ణోత్సవాలు, శతవార్షికోత్సవాలు జరుపుకోవాలని మా కోరిక, జరుపుకొని తీరుతుందని మా నమ్మకం. అమెరికాలోని మన పిల్లలూ రోజుకొక పేజీతో ఆ బంతిలో కూర్చోవాలని ఆకాంక్షిస్తూ, అక్షరసేవకులందరికీ ఆయురారోగ్యాలు, నిత్యోత్సాహం కలగాలని మనసారా కోరుకుంటున్నాం. శుభం భూయాత్‌!