ఎలక్ట్రానిక్స్‌కు పునాది వేసిన మోగల్లు వాసి

పాలకోడేరు మండలం మోగల్లు అనగానే అల్లూరి సీతారామరాజు గుర్తుకు వస్తారు. దేశంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు పునాది వేసిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు కూడా ఆ ఊరివారే. 1914లో జన్మించారు.

నేడు ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నా, పదో తరగతి తరువాత పాలిటెక్నిక్‌లో చేరినా ఎలక్ట్రానిక్స్‌కు దారి ఉంది. రావుగారి రోజుల్లో భౌతికశాస్త్రం, లెక్కలే ఆధారం. ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, అక్కడే పాఠాలు చెప్పారు. తరువాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగు చదివి వచ్చి, బొంబాయిలో హోమీ భాభా బృందంలో చేరారు.

అణు రియాక్టరు లోపల జరిగేది కంటికి కనపడదు. పరికరాలే దాన్ని కొలిచి, అదుపు తప్పకుండా చూడాలి. 1956లో ట్రాంబేలో పని మొదలుపెట్టిన 'అప్సర' రియాక్టరుకు ఆ నియంత్రణ పరికరాలను విదేశాల నుంచి తెప్పించలేదు. రావుగారి బృందమే ఇక్కడ తయారుచేసింది.

ఆ అనుభవమే పెట్టుబడిగా 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ వెలసింది. రావుగారే దానికి తొలి సారథి. కాచిగూడ స్టేషనులో దిగి, ఉస్మానియా విశ్వవిద్యాలయం, తార్నాక దాటి మౌలాలి మీదుగా పోతే ఆ సంస్థ వస్తుంది. 1969లో టీడీసీ-12 కంప్యూటరు, తరువాత ఈసీ టీవీలు అక్కడే తయారయ్యాయి. మనం ఓటు వేసే యంత్రాలు తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో అదొకటి.

ప్రభుత్వం 1972లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. 2003లో కన్నుమూశారు. ఈసీఐఎల్ దగ్గరలోని ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరిట వెలసిందే.

ఇంటర్ చదివే మన పిల్లలు ఒకటి గమనించాలి. పాఠం తలకెక్కితే చాలదు, పరికరం చేతితో కట్టడమూ రావాలి. మోగల్లు నుంచి వెళ్లిన రావుగారి జీవితం చెప్పేది అదే.