గ్రంథాలయ తపస్వి రంగనాథన్

దాచిన వస్తువు వలసినపుడు చేతికి రానిచో అది యుండియు లేనట్లే. ఇంటిలో పది పుస్తకములున్నయెడల వెదకికొనుట కష్టము కాదు. లక్ష పుస్తకములున్న చోట, కోరిన పుస్తకము కోరిన క్షణమున దొరకుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము కనుగొనుటకై జీవితమును ధారవోసిన మహనీయులు శియాలి రామామృత రంగనాథన్ గారు.

రంగనాథన్ గారు 1892వ సంవత్సరము ఆగస్టు మాసమున తమిళదేశములోని తంజావూరు జిల్లా శియాలిలో జన్మించిరి. పసితనముననే తండ్రిని కోల్పోయిరి. చిన్ననాట వారికి మాట తడబడెడిది. పట్టుదలతో ఆ లోపమును జయించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి 1916లో గణితశాస్త్రమున ఎం. ఏ. పట్టము నొందిరి. 1917 మొదలు మంగళూరు, కోయంబత్తూరు, మద్రాసు ప్రభుత్వ కళాశాలలలో గణితము బోధించిరి. విద్యార్థుల నడుమ నుండుటయే వారికి ఆనందము.

1924 జనవరిలో వారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు గ్రంథాలయాధికారిగా నియమింపబడిరి. జీతము హెచ్చే. కాని పలుకరించు విద్యార్థి లేడు. చుట్టును మూగవలె నిలిచిన పుస్తకములు. ఆ ఏకాంతము వారికి దుర్భరమయ్యెను. కొలది దినములకే తన్ను మరల కళాశాలకు పంపుమని ప్రిన్సిపాలును వేడుకొనిరి. ఇంగ్లండు పోయి గ్రంథాలయవిద్యను నేర్చి వచ్చిన పిదపను మనసు కుదరనిచో అప్పుడు చూతమని ఆయన నచ్చజెప్పెను. రంగనాథన్ గారు సమ్మతించిరి. ఆ ప్రయాణమే వారి జీవితమును మార్చివేసెను.

లండనులో సేయర్స్ అను ఆచార్యుని యొద్ద చదువుచు, వారు నూరింటికి పైగా గ్రంథాలయములను దర్శించిరి. అప్పటికి అమెరికా దేశీయుడైన మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతి ప్రసిద్ధమై యుండెను. అందు విద్యలన్నియు పది తరగతులుగా విభజింపబడినవి. ఒక్కొక్క విషయమునకు ముందుగానే ఒక సంఖ్య యేర్పడి యుండును. కాని క్రొత్త విషయము పుట్టినచో దానికి చోటెక్కడ? రెండు మూడు విషయములు కలసిన గ్రంథమును ఏ గూటిలో నుంచవలెను? ఈ చిక్కు రంగనాథన్ గారి మనసును పట్టుకొనెను.

ఒకనాడు లండనులోని సెల్ఫ్రిడ్జి అంగడిలో మెకానో అను ఆటవస్తువు వారి కంటబడెను. అందులో చిల్లులు గల రేకులు, కడ్డీలు, చక్రములు, మరలు ఉండును. ఆ కొలది భాగములనే పలువిధముల కూర్చి బండి, వంతెన, మరేదైన చేయవచ్చును. పుస్తకములోని విషయమును గూడ ఇట్లే భాగములుగా విడదీసి, కావలసిన రీతి కూర్చరాదా అని వారికి తోచెను.

ఈ ఆలోచన నుండి పుట్టినదే 1933లో వెలువడిన కోలన్ వర్గీకరణము. భారతదేశమున 1950 ప్రాంతమున ఊపిరితిత్తుల క్షయకు చేసిన చికిత్సను గూర్చిన గ్రంథమొకటి యున్నదనుకొందము. ఇందు వైద్యమునకు ఎల్ అను అక్షరము, ఊపిరితిత్తులకు 45, క్షయకు 421, చికిత్సకు 6, భారతదేశమునకు 44 గుర్తులు. కాలమునకు గూడ వేరుగా గుర్తు కలదు. వీనిని వరుసగా కూర్చినచో ఆ గ్రంథమునకు దానిదే యైన చిరునామా యేర్పడును. మొదట ఈ అంకెలను కలుపుటకు రెండు చుక్కల గుర్తును, అనగా కోలనును వాడుటచేత ఆ పేరు కలిగెను. తరువాతి ముద్రణములలో ఇతర గుర్తులును చేరినవి.

1925లో స్వదేశమునకు మరలి వచ్చిన పిదప వారు అధ్యాపకపదవిని కోరలేదు. పాఠకులు తామే బీరువాల యొద్దకు పోయి పుస్తకములు చూచుకొను వీలు కల్పించిరి. ఏమి వెదకవలెనో తెలియక వచ్చినవారికి దారి చూపుటకు సహాయకుల నియమించిరి. పుస్తకములు దాచుటకు గాక చదువుటకే యున్నవనియు, ప్రతి పాఠకునకు తగిన గ్రంథము, ప్రతి గ్రంథమునకు తగిన పాఠకుడు దొరకవలెననియు, చదువరి కాలము వృథా కారాదనియు, గ్రంథాలయము నానాటికి పెరుగు ప్రాణివంటిదనియు 1931లో ప్రకటించిన గ్రంథమున నిరూపించిరి. వివాహదినమున గూడ వారు గ్రంథాలయమునకు వచ్చి పని చేసిరని చెప్పుదురు.

1945లో మద్రాసు కొలువు విడిచి కాశీ, ఢిల్లీ విశ్వవిద్యాలయములలో పని చేసిరి. వారి కృషి ఫలితముగా 1948లో మద్రాసు రాష్ట్రమున పౌర గ్రంథాలయముల చట్టము వచ్చెను. అప్పుడు ఆంధ్ర ప్రాంతపు జిల్లాలును ఆ రాష్ట్రములోనివే. కష్టార్జితమైన లక్ష రూపాయలను, భార్య శారదమ్మ గారి పేర గ్రంథాలయశాస్త్ర పీఠమును నెలకొల్పుటకై, మద్రాసు విశ్వవిద్యాలయమునకు దానమిచ్చిరి. 1957లో ప్రభుత్వము వారిని పద్మశ్రీతో సత్కరించెను. 1972 సెప్టెంబరు 27న బెంగుళూరులో వారు పరమపదించిరి. ఆగస్టు 12వ తేదీ వారి స్మృత్యర్థము గ్రంథాలయాధికారుల దినముగా జరుపబడుచున్నది.

నేడు వ్రాతలు, చిత్రములు సర్వర్లు అను కంప్యూటర్లలో ఫైళ్లుగా నిలువ చేయబడుచున్నవి. అచ్చటను అదే ప్రశ్న. యూనిక్స్ వంటి వ్యవస్థలలో డైరెక్టరీలు చెట్టు కొమ్మలవలె అమరి యుండును. మూలము నుండి కొమ్మ వెంట కొమ్మగా పోవు త్రోవయే ఫైలునకు చిరునామా. ఫైలు పేరు ఒక సంఖ్యను చూపును. ఆ సంఖ్య గల పట్టికలో ఫైలు భాగములు డిస్కుపై నెచ్చట నున్నవో తెలియును. జాబితాలోని కార్డు పాఠకుని బీరువా యొద్దకు నడిపినట్లే ఇదియు. ఒకే ఫైలునకు రెండు త్రోవలు కల్పించుటకును వీలు కలదు. విషయమును, దేశమును, కాలమును వేరువేరుగా కోరుచు వెదకు నేటి జాబితాలలో రంగనాథన్ గారి విభజన చూడవచ్చును.

కూడబెట్టుట సులభము, కూడబెట్టినదానిని అడిగినవాని చేతికి అందించుట కష్టము. ఇష్టము లేక చేపట్టిన పనిలోనే రంగనాథన్ గారు ఆ కష్టమును గుర్తించిరి. దానిని తీర్చుటలోనే తమ జన్మను సార్థకము చేసికొనిరి.