కూనూరు గది నుంచి తార్నాక దాకా: సర్ రాబర్ట్ మెక్‌కారిసన్



హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. కందిపప్పులో ఎంత ప్రొటీన్, తోటకూరలో ఎంత ఐరన్ అని డైటీషియన్లు మీ పిల్లలకు రాసిచ్చే లెక్కలు చాలావరకు ఆ సంస్థ పట్టికల నుంచే వస్తాయి. అయితే ఆ సంస్థ పుట్టింది హైదరాబాద్‌లో కాదు. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒకే ఒక్క గదిలో పుట్టింది. ఆ గదిలో పని మొదలుపెట్టిన డాక్టరు సర్ రాబర్ట్ మెక్‌కారిసన్.

పిల్లలకు మన పాతకాలపు తిండి పెట్టాలా, డాక్టర్లు చెప్పే కొత్త లెక్కల ప్రకారం పెట్టాలా అని ఇప్పుడు ప్రతి ఇంట్లో చర్చ నడుస్తోంది. ఈ రెండింటినీ దగ్గర నుంచి చూసిన మనిషి ఆయన. అందుకే ఈ నెల ఆయన జీవితాన్ని మీకు పరిచయం చేస్తున్నాం.

గిల్గిత్ లోయలో యువ డాక్టరు

మెక్‌కారిసన్ 1878 మార్చి 15న ఐర్లండ్‌లోని పోర్టడౌన్‌లో పుట్టారు. బెల్ఫాస్ట్‌లో వైద్యం చదివి, 1901లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరారు. 23 ఏళ్ల వయసులో మన దేశానికి వచ్చిన ఆయనకు ఉద్యోగం పడింది హిమాలయాల అవతలి అంచున ఉన్న చిత్రాల్, గిల్గిత్ ప్రాంతాల్లో.

అక్కడ ఆయన హుంజా ప్రజలను చూశారు. గోధుమ, బార్లీ, చిరుధాన్యాలు, కూరగాయలు, ఆప్రికాట్ పండ్లు, కొద్దిగా పాలు, ఎప్పుడో ఒకసారి మాంసం. ఇదే వాళ్ల తిండి. కొండలెక్కి దిగే ఆ మనుషుల దృఢమైన ఒళ్లు చూసి ఆయన ఆశ్చర్యపోయారు. కడుపులో పుండ్లు, అపెండిసైటిస్ వంటి జబ్బులు వాళ్లలో కనబడకపోవడం ఆయన మనసులో నాటుకుంది. ఆ తర్వాత వేరేవాళ్లు హుంజా వాళ్లు 120 ఏళ్లు, 140 ఏళ్లు బతుకుతారని పుస్తకాలు రాసేశారు. వాటికి పుట్టినతేదీల ఆధారాలేమీ లేవు. మీ ఫోన్‌కు వచ్చే హుంజా వీడియోలను చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

అదే గిల్గిత్‌లో ఆయన ఇంకొకటి కూడా చూశారు. గొంతు దగ్గర వాపు, అంటే గాయిటర్, ఊరూరా కనిపించేది. ఒకే కాలువ వెంట ఉన్న ఊళ్లలో ఎగువన తక్కువమందికి, దిగువకు వెళ్లేకొద్దీ ఎక్కువమందికి ఆ వాపు ఉండేది. ఆ నీటి మడ్డిని ఆయనా, కొందరు వాలంటీర్లూ తాగి మరీ పరీక్షించారు. కొందరికి నిజంగానే వాపు వచ్చింది. నీటిలోని మురికి దీనికి కారణమని ఆయన అనుకున్నారు. గాయిటర్‌కు ప్రధాన కారణం అయోడిన్ లోపమని ఇప్పుడు మనకు తెలుసు. కల్తీ లేని తిండి, కొండగాలి, ఒళ్లొంచి చేసే పని అన్నీ ఉన్నా, నేలలో అయోడిన్ లేకపోతే ఆ పాతకాలపు తిండి అక్కడివాళ్లను కాపాడలేకపోయింది.

కోస్తా జిల్లాల బియ్యం

కూనూరు గదికి మొదట పెట్టిన పేరు బెరిబెరి ఎంక్వైరీ. కాళ్లు తిమ్మిరెక్కి, పట్టు తప్పి, ఒళ్లు ఉబ్బి, చివరికి గుండె ఆగిపోయే జబ్బు బెరిబెరి. తల్లికి ఈ లోపం ఉంటే పాలు తాగే పసిబిడ్డ ఉన్నట్టుండి చనిపోయేది. బియ్యం మీది తవుడు పొరలో, మొలకలో ఉండే బి1 విటమిన్ అందకపోవడం వల్ల ఇది వస్తుంది. మెక్‌కారిసన్ పావురాలకు, కోతులకు బాగా పాలిష్ పట్టిన బియ్యం పెట్టి, ఏ అవయవం ఎలా దెబ్బతింటుందో ఏళ్ల తరబడి పరిశీలించారు. ముఖ్యంగా పేగులు ఎంత త్వరగా పాడవుతాయో ఆయన చూపించారు.

ఇందులో మనం తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో భారతదేశంలో బెరిబెరి ఎక్కువగా కనబడిన చోటు ఉత్తర సర్కారులు. అంటే మన విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతాలే. అన్నానికి లోటు లేని డెల్టా జిల్లాల్లో అన్నం వల్లే జబ్బు ఎందుకొచ్చింది?

కారణం చాలా మామూలుది. ఇంట్లో రోకలితో దంచిన బియ్యానికి తవుడు కొంత అంటుకునే ఉండేది. రైస్ మిల్లులు వచ్చాక బియ్యం తెల్లగా మెరిసిపోయింది, తవుడు గేదెల కుడితిలోకి పోయింది. మనవాళ్లు తినేది పచ్చి బియ్యం. పైగా దాన్ని నాలుగైదుసార్లు కడిగి, గంజి వార్చేవారు. మిగిలిన కాస్త విటమిన్ కూడా ఆ నీళ్లతో పోయేది. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో ఈ జబ్బు చాలా తక్కువ. వడ్లను ఉడికించినప్పుడు పొట్టు దగ్గరున్న విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. తర్వాత మరపట్టినా అది చాలావరకు నిలుస్తుంది. 1934లో గాంధీజీ ప్రారంభించిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యాన్ని ప్రచారం చేసింది.

ఏడు పళ్లేలు

1920లలో ప్రభుత్వ ఖర్చుల కోత వల్ల ఆయన పరిశోధన కొంతకాలం ఆగిపోయింది. 1925లో మళ్లీ మొదలై, 1928లో న్యూట్రిషన్ రీసెర్చ్ లాబొరేటరీస్‌గా మారింది. ఆయనే మొదటి డైరెక్టరు.

ఆయన చేసిన ప్రయోగాల్లో బాగా పేరు పొందింది ఇది. ఒకే వయసు ఎలుక పిల్లలను ఏడు గుంపులుగా చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో ప్రాంతపు తిండి పెట్టారు. బాగా పెరిగినవి సిక్కుల తిండి తిన్న ఎలుకలు. ముడి గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, పచ్చి కూరగాయలు, అప్పుడప్పుడు మాంసం వాటి ఆహారం. ఆ తర్వాత వరుసగా పఠాన్లు, మరాఠాలు, గూర్ఖాలు, కన్నడిగులు, బెంగాలీల తిండి. అన్నిటికన్నా చివరన మద్రాసు తిండి.

మద్రాసు తిండి అంటే అప్పట్లో మన కోస్తా కూడా అందులో భాగమే. పళ్లెం నిండా తెల్లన్నం, పప్పు, పాలు, ఆకుకూరలు మాత్రం నామమాత్రం. అదీ తరతరాలుగా వచ్చిన తిండే. ఏడు పళ్లేలూ సంప్రదాయమైనవే, కానీ ఏడూ ఒకటి కావు. అయితే ఎలుకల మీద వచ్చిన ఫలితాన్ని పూర్తిగా మనుషులకు అంటగట్టకూడదు. ఒకే ప్రాంతంలో ఉన్నవాళ్ల పళ్లెం, లేనివాళ్ల పళ్లెం కూడా ఒకటి కాదు. జొన్న, రాగి తినే మన మెట్ట ప్రాంతాల లెక్క వేరు.

ఇంకో ప్రయోగంలో ఆయన బ్రిటన్‌లోని పేదల తిండి తీసుకున్నారు. తెల్ల బ్రెడ్, మార్గరిన్, చౌక జామ్, చక్కెర టీ, డబ్బా మాంసం, బాగా ఉడకబెట్టిన కూరలు. ఆ ఎలుకలు గిడసబారాయి, చిరాకుపడి పనివాళ్లను కరిచాయి. సుమారు 60వ రోజుకల్లా తమలో బలహీనమైనవాటిని చంపి తినడం మొదలుపెట్టాయి. ఈ జాబితాలో మొదటి మూడూ ఇప్పుడు మన పిల్లల స్నాక్స్ బాక్సుల్లో తరచూ కనిపిస్తున్నాయి.

బడి పిల్లలకు ఒక పుస్తకం

తెలుసుకున్నది ప్రయోగశాలలోనే ఉండిపోకూడదని 1928లో ఆయన భారతీయ పాఠశాలల కోసం ఆహారం గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. 1933లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1935లో మన దేశం విడిచి వెళ్లి, 1936లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఈ అనుభవమంతా చెప్పారు. ఆయన తర్వాత వచ్చిన డాక్టర్ ఐక్రాయిడ్ కూనూరులో మన ఆహార పదార్థాల పోషక పట్టికలు తయారు చేయించారు. 1958లో సంస్థ హైదరాబాద్‌కు తరలి వచ్చింది. 1969లో దానికి ఇప్పటి పేరు వచ్చింది. మెక్‌కారిసన్ 1960 మే 18న ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు.

మీ వంటింట్లో

2024లో ఇదే సంస్థ ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు చూడండి. రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటవద్దని, పప్పులు, కూరగాయలు, పండ్లు, పాలు పెంచమని చెబుతున్నాయి. కూనూరు ఎలుకలు చెప్పింది కూడా దాదాపు ఇదే. కాబట్టి అమ్మమ్మ మాటకూ డైటీషియన్ మాటకూ మధ్య గొడవ మనం అనుకున్నంత పెద్దది కాదు.

ఈ నెల నాలుగు చిన్న మార్పులు ప్రయత్నించండి.

1. వారంలో కొన్ని పూటలైనా దంపుడు బియ్యం, తక్కువ పాలిష్ బియ్యం లేదా రాగి, జొన్న వండండి. బియ్యం ఎక్కువసార్లు కడగకండి. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టండి.

2. పిల్లల పళ్లెంలో అన్నం కాస్త తగ్గించి, పప్పు, ఆకుకూర, పెరుగు పెంచండి. తినే ఇంట్లో అయితే గుడ్డు కూడా.

3. పింక్ సాల్ట్, సైంధవ లవణం సహజమైనవని పూర్తిగా వాటికే మారిపోకండి. వాటిలో అయోడిన్ సరిపడా ఉంటుందన్న భరోసా లేదు. ఆ కొండల్లోనే గాయిటర్ ఊరూరా ఉండేదని చదివారు కదా. ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని ఉందో లేదో చూసి కొనండి.

4. బ్రెడ్, జామ్ స్నాక్స్ బాక్సు బదులు వేరుశనగ ఉండ, ఉడికించిన శనగలు, జామకాయ ముక్కలు పెట్టి చూడండి.

మీ పిల్లలకు ఏదైనా ఆరోగ్య సమస్య ఉంటే ఆహారం మార్చేముందు డాక్టరును అడగండి. ఈ ఆదివారం వీలైతే మీ ఇంట్లో పెద్దవాళ్లు చిన్నప్పుడు ఏ బియ్యం తినేవారో, ఎలా వండేవారో మీ పిల్లల చేత అడిగించండి. వాళ్లు రాసుకొచ్చింది తరగతి గదిలో అందరితో పంచుకుందాం.