గుంటూరు డాక్టరమ్మ మేరీ గ్లోరీ – ప్రార్థన, వైద్యం, ఆడవాళ్ల మనసు

మన సంఘం సంచిక అనగానే సమ్మక్క సారలమ్మలు, సేవాలాల్ మహరాజ్, కొమురం భీం, మన ప్రాంతపు సోయం గంగులు గుర్తుకొస్తారు. వాళ్ల కథలు మనం చెప్పుకోకపోతే చెప్పేవాళ్లు ఉండరు. ఈసారి మాత్రం మన జాతి కాని, మన దేశంలో పుట్టని ఒక స్త్రీ గురించి రాస్తున్నాను. ఆమె గిరిజనుల మధ్య పనిచేయలేదు. గుంటూరులో ఉండి, బిడ్డను కనడానికి భయపడే తల్లులకు, రోగం చెప్పుకోవడానికి సిగ్గుపడే ఆడవాళ్లకు వైద్యం చేసింది. ఆమె చూసిన కష్టం మన తండాల్లో, గూడేల్లో ఈ రోజుకీ తీరలేదు. అందుకే చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, ఈ జీవితం మీరు చదవాలి.

ఆమె పేరు డాక్టర్ మేరీ గ్లోరీ. సన్యాసం తీసుకున్నాక సిస్టర్ మేరీ ఆఫ్ ద సేక్రెడ్ హార్ట్, అంటే తిరుహృదయపు మరియ సిస్టర్.

పల్లెటూరి పిల్ల

మేరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బిర్రెగర్రా అనే చిన్న ఊళ్లో పుట్టింది. తొమ్మిది మంది పిల్లల్లో మూడోది. తర్వాత కుటుంబం వాచెం అనే మారుమూల ఊరికి చేరింది. వానలు తక్కువ, దుమ్ము ఎక్కువ ఉండే ప్రాంతం అది.

ఇంటివాళ్లు కతోలికులు. రోజూ చీకటి పడ్డాక అందరూ కూర్చుని జపమాల చెప్పుకునేవారు. చివర్లో తల్లి పిల్లల చేత ఇంకో చిన్న ప్రార్థన చేయించేది. మంచి గురువులను, మంచి డాక్టర్లను ఇవ్వమని దేవుణ్ణి అడిగేవారు. దేవుడు ఉన్నాడు కదా, డాక్టరెందుకని ఆ తల్లి అనుకోలేదు. డాక్టరు ఉన్నాడు కదా, దేవుడెందుకనీ అనుకోలేదు. ఈ రెండూ పక్కపక్కనే ఉన్న ఇంట్లో మేరీ పెరిగింది. ఆమె జీవితమంతా ఆ చిన్న ప్రార్థనలోనే ఉందనిపిస్తుంది నాకు.

హాస్టల్ చదువు నుంచి డాక్టర్ పట్టా దాకా

చిన్న వయసులోనే స్కాలర్‌షిప్ పరీక్ష రాసి గెలిచి, మెల్‌బోర్న్‌లో బోర్డింగ్‌లో ఉండి చదువుకుంది. ఇంటికి దూరంగా ఉండి చదువుకోవడమంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో మొదట ఆర్ట్స్‌లో చేరి, తర్వాత వైద్యానికి మారింది. 1910లో డాక్టర్ పట్టా అందుకుంది. ఆ కాలంలో అక్కడ కూడా ఆడ డాక్టర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రిలో కొంతకాలం పనిచేసి మెల్‌బోర్న్ తిరిగొచ్చింది. కంటి, చెవి ఆసుపత్రిలోనూ, సెయింట్ విన్సెంట్ ఆసుపత్రిలోనూ సేవ చేస్తూ, కాలిన్స్ స్ట్రీట్‌లో సొంత ప్రాక్టీస్ పెట్టుకుంది. అది ఆ నగరంలో పేరున్న వీధి. పేరు, డబ్బు రెండూ వచ్చే దారి.

1916లో మెల్‌బోర్న్‌లోని కతోలిక స్త్రీలు కలిసి ఒక సాంఘిక సేవా సంఘం పెట్టుకున్నప్పుడు ఆమెనే మొదటి అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు కూడా లేవు.

ఒక చిన్న పుస్తకం

అంతకు ముందే, 1915లో, ఆమె చేతికి ఒక చిన్న కరపత్రం లాంటి పుస్తకం వచ్చింది. అది ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండ్ డాక్టర్ గురించి. ఆగ్నెస్ 1913లో చనిపోయింది. పెద్ద వయసులో ఆమె మన దేశానికి వచ్చింది. మగ డాక్టరు ముందుకు రావడం కంటే చావే నయమనుకునే ఆడవాళ్లను ఇక్కడ చూసింది. రావల్పిండిలో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి నిలబెట్టింది. సన్యాసినులు వైద్యం చేయడానికి చర్చి నియమాలు అప్పట్లో ఒప్పుకునేవి కావు. ఆ నియమం మార్చమని ఆమె రోమ్‌ను మళ్లీ మళ్లీ వేడుకుంది. అది మారకముందే కన్నుమూసింది.

మేరీ ఆ పుస్తకం చదివి, తాను చేయాల్సిన పని ఇదేనని నిశ్చయించుకుంది. కానీ మరుసటి రోజే పెట్టె సర్దుకోలేదు. ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఆమె నాలుగేళ్లు ఆగింది. ఆ నాలుగేళ్లూ ప్రార్థన చేసింది, పెద్దల సలహా తీసుకుంది, ఇంకా పైచదువు చదివింది. స్త్రీల వ్యాధులు, కాన్పులు, కంటి వైద్యంలో 1919లో ఎం.డి. సాధించింది. పిలుపు వచ్చిందని చదువు మానేయలేదు, పిలుపు వచ్చింది కాబట్టే ఇంకా చదివింది. ఇంటర్‌తో చదువు ఆపేద్దామనుకునే చెల్లెళ్లు ఈ మాట ఒక్కసారి ఆలోచించుకోండి.

గుంటూరులో ముప్పై ఏడేళ్లు

1920 జనవరిలో ఓడ ఎక్కింది. ఫిబ్రవరిలో గుంటూరు చేరింది. అప్పటికి వయసు 32. నెదర్లాండ్స్ నుంచి 1904లో గుంటూరు వచ్చిన జె.ఎం.జె. సిస్టర్లు అక్కడ ఒక చిన్న మందుల గది నడుపుతున్నారు. మేరీ ఆ సభలో చేరింది. సన్యాసినిగా ఉంటూనే డాక్టరుగా పనిచేయడానికి పోప్ పదిహేనవ బెనెడిక్ట్ నుంచి ప్రత్యేక అనుమతి వచ్చింది. అలా వైద్యవృత్తి చేసిన తొలి కతోలిక సన్యాసిని డాక్టరుగా ఆమెను చెప్పుకుంటారు. సన్యాసినులందరికీ ఈ తలుపు తెరుచుకున్నది 1936లో. ఆగ్నెస్ అడిగింది ఆమె పోయిన ఇరవై మూడేళ్లకు దక్కింది.

గుంటూరుకు వచ్చిన మొదటి ఆడ డాక్టరు మాత్రం మేరీ కాదు. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లోనే వచ్చి, 1898లో ఆడవాళ్ల ఆసుపత్రి తెరిచింది. ఇద్దరి సంఘాలు వేరు, చేసిన పని ఒక్కటే. ఒక్క జిల్లాలో ఇద్దరు కాదు, ఇరవై మంది ఆడ డాక్టర్లున్నా చాలనంత కష్టం అప్పుడుండేది.

మేరీ చేతిలో ఆ మందుల గది సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగా ఎదిగింది. చాలా ఏళ్లు డాక్టరంటే ఆమె ఒక్కతే. కాన్పులు, కళ్లు, జ్వరాలు, పసిపిల్లల విరేచనాలు అన్నీ ఆమే చూడాలి. తన ఒక్కదాని చేతులు చాలవని ఆమెకు తొందరగానే అర్థమైంది. అందుకే స్థానిక ఆడపిల్లలకు నర్సు పని, మంత్రసాని పని, మందులు కలిపే పని నేర్పించింది. మన దేశపు మూలికా వైద్యాన్నీ తీసిపారేయకుండా శ్రద్ధగా తెలుసుకుంది.

1943లో ఇతర సిస్టర్లతో కలిసి భారత కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించింది. దాన్నే చాయ్ అంటారు. ఇప్పుడు దాని కేంద్ర కార్యాలయం సికింద్రాబాద్‌లో ఉంది. దేశమంతటా 3,500కు పైగా సంస్థలు అందులో ఉన్నాయి. కతోలిక వైద్య కళాశాల ఒకటి రావాలని కూడా ఆమె కోరుకుంది. ఆమె పోయాక 1963లో బెంగళూరులో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ మొదలైంది.

చివరి రోజుల్లో ఆమెకు కేన్సర్ వచ్చింది. ఎందరి నొప్పో తగ్గించిన మనిషి చాలాకాలం తానే నొప్పి పడింది. 1957 మే 5న బెంగళూరులో కన్నుమూసింది. 2013లో కతోలిక చర్చి ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. పునీతురాలిగా గుర్తించే దారిలో అది మొదటి మెట్టు.

ఆమెను నిలబెట్టిన అలవాట్లు

రోజూ చావుబతుకుల మధ్య పనిచేసే మనిషి లోపల విరిగిపోకుండా ఎలా ఉండగలిగింది? కతోలిక సన్యాసినుల దినచర్య చూస్తే కొంత తెలుస్తుంది. తెల్లవారుజామున ప్రార్థన, పూజ. పగలు పని. మధ్యలో జపమాల. దివ్యసత్ప్రసాదం ముందు మౌనంగా కూర్చునే సమయం. రాత్రి పడుకునే ముందు ఆత్మపరిశోధన, అంటే ఈ రోజు ఏం జరిగింది, నేనెలా నడుచుకున్నాను అని తనను తాను అడగడం. అప్పుడప్పుడూ పాపసంకీర్తనం, అంటే మనసులో బరువుగా ఉన్నది గురువు ముందు విప్పి చెప్పడం. విన్న గురువు ప్రాణం పోయినా దాన్ని బయటపెట్టకూడదని నియమం.

వీటిని మతం పక్కన పెట్టి చూసినా అర్థముంది. జపమాలలో ఒకే మాట మళ్లీ మళ్లీ చెబుతుంటే ఊపిరి నెమ్మదిస్తుంది. 2001లో ఇటలీ పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. జపమాల చెప్పినా, యోగ మంత్రం చెప్పినా శ్వాస నిమిషానికి ఆరుసార్ల దగ్గరకు వచ్చిందని, గుండెకు అది మంచిదని తేల్చారు. మౌనం మనసుకు విశ్రాంతి. గుట్టు దాచే మనిషి దగ్గర నోరు విప్పడం సగం బరువు దించినట్టు.

మన దగ్గరా ఇలాంటివి ఉన్నాయి. పెళ్లయి వెళ్లే లంబాడీ పిల్ల ఢావ్లో పాడుతూ తల్లిని, అన్నదమ్ముల్ని పట్టుకుని ఏడుస్తుంది. ఆ ఏడుపుకు మన పెద్దలు చోటిచ్చారు, రాగమిచ్చారు. మేడారంలో తన ఎత్తు బంగారం, అంటే బెల్లం, తూకమేసి ఇచ్చే తల్లి సమ్మక్క ముందు తన గోడంతా చెప్పుకుని తేలికపడి వస్తుంది. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత కొండెక్కే ఆడవాళ్లూ అంతే. దేవతల పేర్లు వేరు, దించుకునే బరువు ఒకటే. ఎవరి నమ్మకం వాళ్లదే. ఎవరినీ ఏ మతంలోకీ రమ్మనడానికి ఇది రాయడం లేదు.

ఆగిపోకూడని చోటు

ఇక అసలు మాట. మేరీ ప్రార్థన చేసింది కానీ, ప్రార్థనతో సరిపెట్టలేదు. కాన్పు కష్టమైన తల్లి తలగడ పక్కన జపమాల పట్టుకుని కూర్చుని ఊరుకుంటే ఆమెకు ఎం.డి. చదువుతో పనేముంది? ఆమె చేయి ముందు నాడి పట్టుకుంది.

కూసుమంచి చుట్టుపక్కల తండాల నుంచి, భద్రాచలం వైపు గూడేల నుంచి వచ్చే ఆడపిల్లలతో పనిచేసేదాన్ని కాబట్టి కొన్ని సంగతులు నాకు ఎదురవుతుంటాయి. సెలవులకు వెళ్లి వచ్చిన పిల్ల ఒక్కసారిగా మాట తగ్గించేస్తుంది. తిండి మానేస్తుంది, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుంది. ఇంటివాళ్లు గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు. నెలసరిలో విపరీతంగా రక్తం పోతున్నా చెప్పదు. చదువు మానిపించి పెళ్లి చేస్తారనే భయాన్ని ఎవరికీ చెప్పదు. తాయెత్తు కట్టొద్దని నేననను. తల్లి చేత్తో కట్టిన దారంలో ప్రేమ ఉంటుంది. తాయెత్తు కట్టిన చేతినే పట్టుకుని ఆసుపత్రికి కూడా తీసుకెళ్లమంటాను. గుడికి, చర్చికి, గద్దెకి వెళ్లొచ్చిన దారిలోనే పీహెచ్‌సీ కూడా ఉంటుంది.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, నిద్ర, తిండి చెడితే, బతకాలనిపించకపోతే అది బలహీనత కాదు, దెయ్యం కాదు. వైద్యం ఉన్న జబ్బు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఎవరివల్లనైనా హాని జరుగుతుంటే 1098 ఉంది. ఇవేవీ వద్దనిపిస్తే నమ్మకమైన టీచర్, ఏఎన్ఎం అక్క, మీ వార్డెన్, ఎవరో ఒకరి దగ్గర నోరు విప్పండి.

తమ్ముళ్లకు ఒక మాట. అక్కచెల్లెళ్లు మౌనంగా ఉంటే మంచి పిల్ల అని మెచ్చుకోకండి. ఏమైందని అడగండి. వాళ్లు చెప్పింది నవ్వులాటకు వాడకండి, ఊళ్లో చాటకండి. గుట్టు కాపాడే చెవి దొరికితే సగం రోగం తగ్గుతుంది.

మనం తీసుకోవాల్సింది

మేరీ గ్లోరీ ఎక్కడో దుమ్ము పల్లెలో పుట్టి, స్కాలర్‌షిప్ మీద హాస్టల్లో చదివి, సముద్రం దాటి వచ్చి మన తెలుగు తల్లుల కాన్పులు చేసింది. తన తర్వాత చేయడానికి మన ఆడపిల్లల చేతులకే పని నేర్పించింది. వాగు పొంగితే అంబులెన్స్ రాని ఊళ్లు, గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే గూడేలు ఏజెన్సీలో ఇంకా ఉన్నాయి. వాటికి బయటి నుంచి ఇంకో మేరీ రావాలని ఎదురు చూడాలా? గోర్ బోలీలో, కోయ భాషలో నొప్పి అడిగి తెలుసుకోగల నర్సు, డాక్టరు, మానసిక సలహాదారు మన పిల్లల్లోంచే రావాలి. తన భాషలో అడిగిన డాక్టరమ్మకు అమ్మ దాచకుండా చెబుతుంది.

ఈ సంచిక చదువుతున్న చెల్లెళ్లలో బైపీసీ తీసుకున్నవాళ్లు, నర్సింగ్ చేద్దామనుకునేవాళ్లు ఉంటే మీ ఇంటి దేవతకు దణ్ణం పెట్టుకుని పుస్తకం తెరవండి. మీ కోసం ఒక గూడెం ఎదురుచూస్తోంది.