డిచ్‌పల్లి దవాఖానా కట్టిన దంపతులు

ఆర్మూరు నుంచి హైదరాబాదు పోయే పెద్దరోడ్డు మీద ప్రయాణం చేసేవారికి డిచ్‌పల్లి కొత్త ఊరు కాదు. అక్కడి పాత దవాఖానా పేరు చెబితే, వెనకటి తరంవారు గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఎవరింట్లోనైనా పెద్దరోగం వచ్చిందంటే డిచ్‌పల్లి పంపారన్న మాట ఊరంతా పాకేది. ఆ దవాఖానా కట్టినవారు స్కాట్లండు నుంచి వచ్చిన భార్యాభర్తలు. భార్య డాక్టర్ ఇసబెల్ కెర్, భర్త జార్జి కెర్.

ఇసబెల్ 1875లో ఉత్తర స్కాట్లండులోని ఒక పల్లె ప్రాంతంలో పుట్టారు. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1903లో పట్టా పొందారు. ఆడపిల్లలు డాక్టరీ చదవడం అక్కడ కూడా అరుదుగా ఉన్న రోజులవి. అదే ఏడు ఆమెకు జార్జితో పెండ్లి అయింది. ఆయన మతబోధకుడు. అంతకు ముందు వడ్రంగం పని నేర్చినవాడని చెబుతారు. ఆ పనే తర్వాత మన జిల్లాకు అక్కరకు వచ్చింది. వెస్లియన్ మిషన్ తరఫున 1907లో ఇద్దరూ నిజాం రాజ్యానికి వచ్చారు. మన జిల్లాకు ఇందూరు పేరు పోయి నిజామాబాదు అన్న పేరు వచ్చి అప్పటికి రెండేండ్లే.

వచ్చింది మతప్రచారానికి, మామూలు వైద్యానికి. కుష్ఠు కోసమని రాలేదు. అయితే జ్వరానికీ పుండుకూ మందు ఇవ్వగలిగిన డాక్టరమ్మకు, వేళ్ళు అరిగిపోయిన మనిషి ఎదురుగా నిలబడితే చెయ్యడానికి ఏమీ లేదు. మందు లేకపోవడం ఒక సంగతి. కనీసం పడుకోవడానికి జాగ ఇచ్చేవారు కూడా లేరు. ఇంట్లోవారు వెళ్ళగొట్టేవారు, ఊరు రానిచ్చేది కాదు. అటువంటివారిని చూసీ చూడనట్లు వదిలి మిగతా రోగులను చూసుకోవడం ఆ దంపతులకు చేతకాలేదు. 1911లో నిజామాబాదులో చిన్నగా ఒక కేంద్రం తెరిచారు. వచ్చేవారు ఎక్కువయ్యారు, అక్కడి చోటు చాలలేదు.

అప్పుడు ఆదుకున్నది మన జిల్లా మనిషే. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్ద మొత్తంలో ధనం ఇచ్చారు. మతం వేరన్న ఆలోచన ఇచ్చేవారికీ రాలేదు, పుచ్చుకునేవారికీ రాలేదు. ఈ ముక్క మనం ఎందుకో తక్కువగా చెప్పుకుంటాము. 1915 నాటికి డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు దవాఖానా వెలిసింది. కట్టడాల పని జార్జి చూసుకున్నారు, వైద్యం ఇసబెల్ చూసుకున్నారు.

ఈ రోగం గురించి ఒక మాట చెప్పాలి. ఇది పాపఫలం కాదు, రక్తదోషం కాదు. నార్వే దేశపు డాక్టర్ హాన్సెన్ 1873లోనే దీని క్రిమిని కనిపెట్టారు. ఆ క్రిమి నరాలను దెబ్బతీస్తుంది, చర్మానికి స్పర్శ పోతుంది. పసుపు ఉడకబెట్టే కడాయి అంచుకు చెయ్యి తగిలితే మనం చటుక్కున వెనక్కు లాక్కుంటాము. ఈ రోగికి కాలినట్లే తెలియదు. పుండు పడుతుంది, నొప్పి లేదు గనక దాన్ని పట్టించుకోడు, చివరకు వేలు పోతుంది. మచ్చ దశలోనే వస్తే ఇంత దూరం రాదు. కాని వెలి భయంతో జనం మచ్చను దాచేవారు. దాచిన కొద్దీ రోగం ముదిరేది.

ఆ కాలంలో ఉన్న మందు చాల్‌మోగ్రా జాతి గింజల నూనె. తాగితే కడుపులో తిప్పేది. కలకత్తాలో డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ 1920 దశకంలో దాన్ని సూదిమందుగా ఇచ్చే పద్ధతిని మెరుగుపరచి వ్యాప్తిలోకి తెచ్చారు. డిచ్‌పల్లిలో దాన్ని అమలు చేశారు. సూది నొప్పి పెట్టేది, నెలల తరబడి వేయించుకోవాలి, అందరికీ గుణమిచ్చేది కాదు. అయినా తొలిదశలో వచ్చినవారిలో కొందరు బాగై ఇంటిదారి పట్టారు. చావు కోసం ఎదురుచూసే చోటు అనుకున్నది దవాఖానా అని జనానికి నమ్మకం కుదిరింది అప్పుడే. 1923లో ఇసబెల్‌కు ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

1932లో ఆమె కన్నుమూశారు. భర్త వెంటనే స్వదేశం పోలేదు, మరికొన్నేండ్లు డిచ్‌పల్లిలోనే ఉండి ఆ పని నడిపించారు.

కుష్ఠును నిజంగా లొంగదీసిన సల్ఫోన్ మందును అమెరికాలోని కార్విల్‌లో వాడడం మొదలైంది 1941లో. అప్పటికి ఆమె పోయి తొమ్మిదేండ్లు. 1982 నుంచి రెండు మూడు మందులు కలిపి ఇస్తున్నారు. ఆరు నెలలో, ఏడాదో మింగితే రోగం పోతుంది. ఆ బిళ్ళలు సర్కారు దవాఖానాల్లో ఉచితంగానే దొరుకుతాయి. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనిపిస్తే చూపించుకోవడమే తరువాయి.