అన్నదమ్ములను మింగిన కడుపు జబ్బు.. దాని మందులు పుట్టింది ఆయన ల్యాబ్‌లోనే! ఎవరీ యల్లాప్రగడ సుబ్బారావు?

చిట్యాల (నల్గొండ జిల్లా): గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఇచ్చే ఎర్ర మాత్ర తెలియని ఇల్లు చిట్యాలలోనే కాదు, ఏ ఊళ్లోనూ ఉండదు. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తం పడుతుందని వేసుకుంటారు. కానీ ఆ ఫోలిక్ యాసిడ్ కథలో ఓ తెలుగు డాక్టర్ ఉన్నారని, ఆయన ఇంట్లో ఇద్దరి ప్రాణాలు తీసిన కడుపు జబ్బు ఉందని చాలామందికి తెలియదు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. చిట్యాల మీదుగా పోయే హైవే పట్టుకుని విజయవాడ దాటి వెళ్తే వచ్చే భీమవరంలో 1895 జనవరి 12న పుట్టారు.

మూడోసారికి మెట్రిక్ పాస్

సుబ్బారావు పుట్టుకతోనే ఫస్ట్ ర్యాంకర్ ఏం కాదు. మెట్రిక్ పాసవడానికి మూడుసార్లు రాయాల్సి వచ్చింది. తండ్రి జగన్నాథం పోయాక ఇల్లు గడవడమే కష్టమైంది. అయినా తల్లి వెంకమ్మ పట్టుబట్టి చదివించారు. తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీ పిలుపుతో ఖద్దరు కట్టడం బ్రిటిష్ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. దాంతో ఎంబీబీఎస్‌కు బదులు, అంతకన్నా తక్కువైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది.

తిన్నది ఒంటికి పట్టదు.. అసలేంటీ స్ప్రూ?

ఆ రోజుల్లోనే ఇంట్లో పిడుగు పడింది. సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి రోజుల తేడాతో చనిపోయారు. కారణం ట్రాపికల్ స్ప్రూ. ఈ జబ్బులో చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు, కడుపు ఉబ్బుతుంది, నాలుక పుండవుతుంది. రక్తం తగ్గిపోయి మనిషి ఎముకల గూడులా మారిపోతాడు. అప్పట్లో దీనికి సరైన మందు లేదు.

ఆ తర్వాత సుబ్బారావుకూ అదే జబ్బు పట్టుకుంది. ఆయుర్వేద వైద్యంలో పేరున్న డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బతికి బయటపడ్డారు. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు కూడా చెప్పారు.

పగలు ల్యాబ్.. రాత్రి ఆస్పత్రిలో పోర్టర్ పని

మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చేసిన సాయంతో 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల వ్యాధుల మీద డిప్లొమా చేశారు. ఖర్చుల కోసం రాత్రిళ్లు ఆస్పత్రిలో పోర్టర్‌గా పనిచేశారు.

తర్వాత సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధన మొదలుపెట్టారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. దానికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద కూడా ఇద్దరూ పనిచేశారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. కానీ హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. దాంతో 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ల్యాబ్స్‌కు వెళ్లి, అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

ఫోలిక్ యాసిడ్ వచ్చింది ఇలా..

ఒక్క మాట మాత్రం స్పష్టంగా చెప్పుకోవాలి. ఫోలిక్ యాసిడ్ ఆయన ఒక్కరి కష్టం కాదు. బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసిన ఇంగ్లీష్ డాక్టర్ లూసీ విల్స్, ఈస్ట్ సారంలో ఏదో తెలియని పోషకం ఉందని 1931లోనే చూపించారు. అదేంటో తేల్చి, 1945లో ల్యాబ్‌లో తయారు చేసింది సుబ్బారావు నడిపిన లెడర్లీ టీమ్. వెంటనే అమెరికా డాక్టర్ టామ్ స్పీస్ దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. రక్తం పెరిగింది, నాలుక పుండ్లు మానాయి, ఆకలి పుట్టింది.

అయితే అది సగం మందే. పేగులో పాతుకుపోయిన బ్యాక్టీరియాను తరిమే మందు కూడా కావాలి. 1948లో అదే ల్యాబ్ నుంచి బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ బయటకొచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఇదే. ఇవాళ ట్రాపికల్ స్ప్రూకు డాక్టర్లు రాసేది కూడా ఈ జోడీనే: ఫోలిక్ యాసిడ్, దాంతో పాటు టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్. నెలల తరబడి వాడిస్తారు. అంటే తన అన్నదమ్ములకు దొరకని రెండు మందులకూ ఆయన ల్యాబే పుట్టిల్లు!

అంతే కాదు.. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా అక్కడిదే. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్‌తో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో పిల్లల బ్లడ్ క్యాన్సర్‌ను తొలిసారి కొంతకాలం వెనక్కి నెట్టగలిగారు. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు.

53 ఏళ్లకే..

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లే. అమెరికా వెళ్లాక ఒక్కసారి కూడా ఇంటికి తిరిగి రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. నోబెల్ రాలేదు. శతజయంతి ఏడాది 1995లో భారత ప్రభుత్వం ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

మీకూ కడుపు సమస్య ఉందా? ఇది గుర్తుపెట్టుకోండి

స్ప్రూ మీద పరిశోధన ఆయనతో ఆగలేదు. దక్షిణాదిలో ఈ జబ్బు ఊళ్లకు ఊళ్లు పాకినప్పుడు వెల్లూరు సీఎంసీ డాక్టర్లు ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఐబీఎస్. ఇందులో నొప్పి నిజమే, కానీ పరీక్షల్లో పేగుకు దెబ్బ తగిలినట్టు కనిపించదు. బరువు తగ్గడం, రక్తం తగ్గడం, నెలల తరబడి విరేచనాలు ఉంటే మాత్రం అది ఐబీఎస్ అని ఊరుకోవద్దు. డాక్టర్‌కు చూపించుకోవాల్సిందే. అలాగని సొంతంగా ఫోలిక్ యాసిడ్ మింగడం కూడా మంచిది కాదు. బీ12 లోపం ఉన్నవాళ్లకు రక్తం బాగున్నట్టే కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూ ఉంటాయి. సుబ్బారావు కాలంలో మందు లేక ప్రాణాలు పోయాయి. ఇప్పుడు మందు ఉంది.. చూపించుకోవడమే ఆలస్యం కాకూడదు.